బాలుర బేస్‌బాల్ జట్లు: దీర్ఘకాల శిక్షణము

(వార్షిక మహాసభ యువజనగోష్ఠియందు చదివిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నిన్నటినుండి విద్యార్థి వేతనములను గూర్చియు, వివాహవేదికను గూర్చియు, స్వగ్రామములందలి పాఠశాలల మరమ్మతులను గూర్చియు పెద్దలు గంభీరముగ ప్రసంగించియున్నారు. అట్టి విషయముల నడుమ పిల్లల బంతియాటను గూర్చి యొక యుపన్యాసమేల యని కొందరు చిరునవ్వు నవ్వుట మేము చూచుచునే యున్నాము. ఐనను ఈ సభకు రాజాలని కుటుంబముల నొకపరి లెక్కింపుడు. వారిలో కొందరు ఈ గడియయందే యేదో యొక మైదానపు కంచె ప్రక్కను మడతకుర్చీలు వేసికొని, ఎండ నెత్తి మాడ్చుచుండ, తమ పదేండ్ల కుమారుడు బంతి విసరుటను రెప్పవాల్పక చూచుచున్నారు. సంఘమునకు సభ్యత్వ రుసుము చెల్లింపుడనిన వచ్చు నెల చూతమనువారు ఒక్క బ్యాటునకు నాలుగువందల డాలర్లు మారుమాటాడక చెల్లించుచున్నారు. మన సెలవుదినములలోను, మన ధనములోను, అన్నిటికంటె ముఖ్యముగ మన పిల్లల దేహములలోను ఈయాట యింత పాలు గైకొనుచుండగా, దీనిని గూర్చి పెద్దలు విచారింపకుండుట తగదని తోచి ఈ నాలుగు మాటలు విన్నవింప సాహసించితిమి.

మేమనగా నెవరమో మొదట చెప్పుకొనుట మర్యాద. టెక్సాసు రాష్ట్రమున డాల్లసు పరిసరములందలి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగు పట్టణములలో కాపురముండు మన కుటుంబముల పిల్లలును, ఇరుగుపొరుగువారి పిల్లలును కలసి యాడు నొక చిన్న ట్రావెల్ జట్టునకు శిక్షణ చెప్పుచు, లెక్కలు వ్రాయుచు, నీళ్ళు మోయుచునుండు తండ్రులము. మన సంఘము ఆ జట్టునకు కొంత ద్రవ్యసహాయము చేయుచున్నది గాని, అందు మన కులమువారి బిడ్డలు సగమునకు తక్కువయే. షార్ట్‌స్టాపు స్థానమునకు కులము లేదు. వడిగల కాళ్ళును, నమ్మదగిన చేతులును ఉండిన చాలును.

దేశమునుండి మనుమలను చూడవచ్చిన పెద్దలు ఈయాటను క్రికెట్టునకు వికృతిగ భావింతురు. పోలిక కొంత కలదు. వజ్రాకారమగు మైదానమున నాలుగు మూలల నాలుగు బేసులు. నడుమ నొక చిన్న తిన్నె. ఆ తిన్నెపైనుండి పిచ్చరను నతడు బంతిని నేల తాకనీయక విసరును. బ్యాటువాడు దానిని కొట్టి బేసులన్నియు చుట్టివచ్చినచో నొక పరుగు. బ్యాటువాని వెనుక గొంతుకూర్చుండి బంతిని పట్టువాడు క్యాచరు. జట్టునకు తొమ్మిదిమంది. క్రికెట్టునందు బౌలరు ఆరు బంతులు వేసి విశ్రమించును. ఇచ్చట పిచ్చరునకు ఆ విశ్రాంతి లేదు. మార్చువరకు అతడే విసరవలయును. మేము చెప్పబోవు చిక్కులలో సగము ఈ యొక్క నియమమునుండియే పుట్టుచున్నవి.

1939వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రమందలి విలియమ్స్‌పోర్టు పట్టణమున కార్ల్ స్టాట్జ్ అను నతడు లిటిల్ లీగును స్థాపించెను. పిల్లల కాళ్ళకు తగినట్లు బేసుల నడిమి దూరమును 60 అడుగులకు తగ్గించుట ఆయన పద్ధతి. పెద్దల యాటలో ఆ దూరము 90 అడుగులు. ఆ యూరి పిల్లలు ఆ యూరిలోనే ఆడుకొందురు. వచ్చినవారి కెల్లరకు చోటు కలదు. ట్రావెల్ జట్టు వేరు. పిల్లలను పరీక్షించి కొందరిని గైకొని కొందరిని పంపివేయుదురు. వేలకొలది డాలర్లు రుసుములు పుచ్చుకొందురు. వారాంతముల ఊరూర తిరిగి పోటీలాడుదురు. శనివారము రెండాటలు, ఆదివారము ఓడినవాడింటికి, గెలిచినవాడు మరల మైదానమునకు. ఒక్కొకచో ఆదివారమే మూడాటలు పడును. సాయంకాలమునకు మెడలో నొక పతకమో, వ్రేలికి కోడిగ్రుడ్డంత యుంగరమో.

ఆ యుంగరమే మా యుపన్యాసమునకు మూలము.

పదేండ్ల పిల్లల పోటీలో ఉంగరము గెలుచుట బ్రహ్మవిద్య కాదు. మార్గము మాకును తెలియును, చెప్పెదము వినుడు. ఈడునకు మించి యెదిగిన పిల్లలను ఏరి తెచ్చుకొనవలయును. వారిలో గట్టిగ విసరు నిద్దరిచేతనే అన్ని యాటలలోను విసరింపవలయును. బలహీనులను కుడివైపు దూరపు మూలకు పంపి, బ్యాటు పట్టుటలో కడపటివారిగ నిలుపవలయును. అవతలి క్యాచరు విసరు బంతి రెండవ బేసును చేరదు గావున, మన పిల్లలను అదను చూచి బేసునుండి బేసునకు పరుగెత్తింపవలయును. ఇంతే. దీనికి గొప్ప శిక్షకు డక్కరలేదు. కొలబద్ద యుండిన చాలును.

అయితే మైదానము పిల్లలతోపాటు పెరుగుచున్నది. మా జట్లాడు పోటీలలో పదేండ్లవానికి పిచ్చరు తిన్నె 46 అడుగులు, బేసులు 65 అడుగులు. పండ్రెండేండ్లకు 50, 70. పదమూడేండ్లకు 54, 80. పదునాలుగేండ్లకు పెద్దల కొలతలే: 60 అడుగుల 6 అంగుళములు, 90 అడుగులు. క్యాచరు రెండవ బేసునకు విసరు దూరము పదేండ్లనాడు సుమారు 92 అడుగులు. పదునాలుగేండ్లనాడు 127 అడుగులు. బ్యాటును మారును. చిన్నవాడు 30 అంగుళముల పొడవుగల 20 ఔన్సుల బ్యాటు పట్టును. హైస్కూలున అదే పొడవుగల బ్యాటు 27 ఔన్సులకు తగ్గరాదు. పదేండ్లనాడు పొడవుచేతనే గెలిచినవాడు ఈ విశాల మైదానమున అడుగిడునప్పటికి, తక్కిన పిల్లలు వానిని పొడవులో కలిసికొందురు. నేర్చిన విద్య యేదియని వెదకినచో, గట్టిగ విసరుటయు, గట్టిగ కొట్టుటయు తప్ప మరియొకటి కానరాదు. కుడిమూలన నిలిచిన పిల్లవాడో, పండ్రెండవ యేటనే ఆట విడిచి వెళ్ళిపోయియుండును. వాడు ఏమగునో చూడవలెననిన, చూచుటకు వాడు లేడు.

అంటుమామిడి నాటిన మొదటి మూడు నాలుగేండ్లు పూత వచ్చినను త్రుంచివేయుట మన తోటరైతు లెల్లరు నెరిగినదే. కాయనిచ్చినచో కొమ్మ యెదుగదు. ఈ సభయందున్న పెద్దలలో పలువురు తమ చేతులతో అట్లు త్రుంచినవారే. అదే పెద్దలు మనుమని పదవ యేట మాత్రము ఈ యేడెన్ని కాయలని మమ్ము అడుగుచున్నారు.

ఇక భుజమును, మోచేతిని గూర్చి. ఈ భాగమున కొంత తడవు నిలుతుము. ఏలయన ఓడిన యాటను మరుసటి వారము మరల నాడవచ్చును గాని మోచేయి అట్టిది కాదు.

ఎదుగుచున్న బాలుని మోచేతి లోపలి ప్రక్కను ఎముక చివర నొక మెత్తని భాగము కలదు. అది గట్టిపడి పూర్ణమగు నెముక యగుటకు పదునాలుగు మొదలు పదునేడేండ్ల వయస్సు రావలయును. బంతిని వడిగా విసరినపుడెల్ల ఆ భాగమును నరము లాగుచుండును. విశ్రాంతి యున్నచో దేహమే ఆ యలజడిని సవరించుకొనును; లేనిచో అచ్చట వాపును, నొప్పియు, చీలికయు కలుగును. దీనికి వైద్యులు పెట్టిన పేరే లిటిల్ లీగ్ మోచేయి. పెద్దవాడైన పిదప ఎముక గట్టిపడును గావున, ఆ లాగుడు ఎముకలను కలిపియుంచు బంధనముపై పడును. 1974 సెప్టెంబరులో ఫ్రాంక్ జోబ్ అను వైద్యుడు లాస్ ఏంజిలిస్ డాడ్జర్సు పిచ్చరగు టామీ జాన్‌కు తెగిన బంధనమునకు బదులు అతని రెండవ ముంజేతినుండి తీసిన స్నాయువును అమర్చెను. ఆయన 1976లో మరల మైదానమునకు వచ్చి 1989 దాక ఆడెను. నాటినుండి ఆ శస్త్రచికిత్సకు ఆయన పేరే స్థిరపడినది. పిచ్చరు తిరిగి నిలుచుటకు ఏడాది మొదలు ఏడాదిన్నర పట్టును.

ఆ చికిత్స పెద్ద యాటగాండ్రకే గాని పిల్లలకు సంబంధింపదని తలచు తండ్రులు కలరు. 2007 మొదలు 2011 వరకు వైద్యవిమా దస్తరములను పరిశీలించినవారు, ఈ దేశమున జరిగిన అట్టి చికిత్సలలో నూటికి 56కు పైగా 15 మొదలు 19 ఏండ్ల వయస్సువారికే జరిగినట్లు కనుగొనిరి. అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వారు 9 మొదలు 14 ఏండ్ల వయస్సుగల 481 మంది పిచ్చర్లను పదేండ్లపాటు వెంబడించి 2011లో ప్రకటించిన ఫలితమిది: ఏ యేడాదియందైనను నూరు ఇన్నింగ్సులకు మించి విసరినవానికి గాయము కలుగు నవకాశము తక్కినవారికంటె మూడున్నర రెట్లు. అంతకుముందు 2006లో ఆ సంస్థవారే, ఏడాదికి ఎనిమిది నెలలకు మించి విసరిన కుర్రవాండ్రకు శస్త్రచికిత్స దాక పోవు ముప్పు ఐదు రెట్లనియు, చేయి అలసియుండగా తరచు విసరువారికి 36 రెట్లనియు తెలిపిరి. అలసిన చేయి! వంపుబంతి వేయుటయే సర్వానర్థములకు మూలమని మైదానపు పెద్దలు చెప్పుచుందురు. యంత్రములతో కొలిచి చూచినవారు, వడిబంతియు మోచేతిపై అంతే యొత్తిడి తెచ్చునని చెప్పుచున్నారు. బంతి రకముకంటె బంతుల లెక్కయే ముఖ్యము.

అందుచేతనే లిటిల్ లీగువారు 2007లో ఇన్నింగ్సుల లెక్క విడిచి బంతుల లెక్క పెట్టిరి. 9, 10 ఏండ్లవాడు దినమునకు 75 బంతులకు మించరాదు. 11, 12 ఏండ్లవాడు 85. అరువదియారో, అంతకెక్కువో విసరినచో నాలుగు దినములు విశ్రమింపవలెను. 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌వారును, యు.ఎస్.ఏ. బేస్‌బాల్ సంస్థవారును కలసి పిచ్ స్మార్ట్ అను నియమావళిని ప్రకటించిరి. అందు 9 మొదలు 12 ఏండ్ల పిల్లలు ఏడాదికి 80 ఇన్నింగ్సులు మించరాదనియు, నాలుగు నెలలు విసరుట మానవలెననియు, వానిలో రెండు మూడు నెలలు ఎడతెగక యుండవలెననియు, ఒకే యాటలో పిచ్చరుగను క్యాచరుగను నిలువరాదనియు వ్రాసియున్నది. ఉత్తర రాష్ట్రములలో మంచు కురిసి పిల్లల చేతులకు సెలవిచ్చును. టెక్సాసు సూర్యునికి అట్టి దయ లేదు. ఆ సెలవును మనమే ఇయ్యవలయును.

జాన్ స్మోల్ట్స్ అను మహా పిచ్చరు 2015లో ఖ్యాతిశాలయందు గౌరవము స్వీకరించునపుడు తన విజయములను చెప్పుకొనుటతో తనియక, బేస్‌బాల్ ఏడాది పొడవున నాడు ఆట కాదని తల్లిదండ్రులను హెచ్చరించెను. ఆయనయు టామీ జాన్ చికిత్స పొందినవాడే. మన పిల్లలకు మరియొక పేరు ప్రియమైనది: కుమార్ రాకర్. తల్లివైపు తాతయు అమ్మమ్మయు భారతదేశమునుండి వచ్చినవారగుటచే, ఆ మొదటి పేరు వినినపుడెల్ల మనవారి ముఖములు వికసించును. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము పక్షమున డ్యూక్ జట్టుపై 19 మందిని స్ట్రైకవుట్ చేసి, ఒక్క హిట్టు నీయక గెలిపించెను. 2021లో న్యూయార్క్ మెట్స్ పదవ యాటగానిగ ఎన్నుకొనియు, చేతిని పరీక్షించిన పిదప ఒడంబడిక చేసికొనకపోయిరి. 2022లో మన టెక్సాస్ రేంజర్లు మూడవ యాటగానిగ నెన్నుకొనిరి. 2023లో మోచేతికి శస్త్రచికిత్స. 2024 సెప్టెంబరులో మేజర్ లీగు ప్రవేశము. ఆయన చిన్ననాట మితిమీరి విసరెనని మేమనము. అంతటి దేహబలమును, అంతటి వైద్యమును గలవానికే చేయి ఇన్ని సంవత్సరములు గైకొనగా, ఆదివారపుటుంగరమునకై పదేండ్లవాని చేతిని పణముగ నొడ్డుట యేమి వ్యవహారమని మాత్రమే అడుగుచున్నాము.

గత వేసవి సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఒక పోటీలో మన జట్టు ఆదివారము కడపటి యాటకు చేరెను. మన వడిగల పిచ్చరు శనివారమే 68 బంతులు విసరియుండెను. ఆ పోటీయందు ఇన్నింగ్సుల లెక్క తప్ప బంతుల లెక్క లేదు. వానికి ఇంకను రెండు ఇన్నింగ్సులు మిగిలియుండెను. నియమ మొప్పుచుండగా మీకేమి యని కంచె వెంబడి కేకలు. శిక్షకుడు వానిని తిన్నె యెక్కింపక, అంతకుముందెన్నడు పోటీలో విసరని యొక బక్కపలుచని పిల్లవానిని పంపెను. వాడు విసరిన బంతులు నాలుగు దిక్కులకు పోయినవి. 11కు 3 పరుగులతో ఓడిపోతిమి. ఆ వారములోనే రెండు కుటుంబములు జట్టు విడిచి, ఎక్కువ గెలుచు మరియొక జట్టున చేరిరి. వారిని మేము నిందింపము. వారి బిడ్డ, వారి యిష్టము. ఆ బక్కపలుచనివాడు మాత్రము మరల నెప్పుడు విసరనిత్తురని వారము వారము అడుగుచున్నాడు. ఈ సంవత్సరము వాడు నూటికి అరువది బంతులు స్ట్రైకులు వేయుచున్నాడని లెక్కల పుస్తకము చెప్పుచున్నది.

మరి యే విధముగ నేర్పవలయును? ఈ ప్రశ్నకు ఉత్తరము మన యిండ్లలోనే కలదు. మన యాడపిల్లలకు సంగీతము చెప్పించునపుడు మొదటినాడే కృతి పాడుమని అడుగుచున్నామా? సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, పిదప గీతములు, ఆ పిదప వర్ణము. మూడు కాలములలోను పలుకనిదే గురువు ముందునకు కదలనీయడు. సంగీతమున నింత యోర్పుగల మనము బంతియాటయందు రెండవ వారముననే సభారంజనము కోరుచున్నాము. ఇస్త్వాన్ బాల్యి అను హంగేరీ జన్ముడగు పండితుడు కెనడాయందు దీర్ఘకాల క్రీడాశిక్షణ పద్ధతిని మెట్లుమెట్లుగ రచించి ప్రచారము చేసెను. బేస్‌బాల్ సంస్థలును దానిని తమ యాటకు అన్వయించుకొన్నవి. దాని సారము సరళీస్వరముల సారమే.

తొమ్మిది మొదలు పండ్రెండేండ్ల దాక నేర్చుకొను కాలము. ఈ కాలమున ప్రతి పిల్లవాడు ప్రతి స్థానమునను నిలువవలెను; క్యాచరు చట్ట తొడుగుకొనవలెను, కుడిమూలను నిలువవలెను, కొలది బంతులైనను తిన్నె నుండి విసరవలెను. వరుసగ బ్యాటు పట్టవలెను. ఆటలు తక్కువగను సాధన యెక్కువగను ఉండవలెను. లెక్క చూడుడు: ఒక్క యాటలో కుడిమూలనున్న పిల్లవానివద్దకు రెండు బంతులు వచ్చిన గొప్ప, బ్యాటు పట్టునది రెండు మూడు మారులు. గంటన్నర సాధనలో వాడు నూరు బంతులు పట్టును, నూరు కొట్టును. రెండువందల మైళ్ళు కారులో పోయి రెండు బంతులు పట్టుట చదువా, ప్రయాణమా? అన్నిటికంటె ముందు నేర్పవలసినది విసరు రీతి: పాదముల కుదురు, తుంటి త్రిప్పుట, పిదప భుజము, కట్టకడపట చేయి. వడి తరువాత వచ్చును. శీతకాలమున బంతి ముట్టక ఈతయో, బంతిచెండో, పరుగో. మా పిల్లలలో ఇద్దరు తాతగారివలన చెడుగుడు నేర్చి, బేసుల నడుమ చిక్కుకొన్నపుడు తప్పించుకొనుటలో అందరిని మించుచున్నారు. ఇది శాస్త్రమని చెప్పము, చూచినది చెప్పుచున్నాము.

పదమూడు మొదలు పదునైదు దాక కష్టకాలము. కాళ్ళు చేతులు ఒక్కసారిగ సాగును. నిన్నటిదాక చక్కగ పట్టిన బంతి నేడు జారిపోవును. తండ్రికి కోపము, కొడుకునకు సిగ్గు. ఈ కాలముననే పెక్కు జట్లు పిల్లలను పంపివేయుచున్నవి. మూడు నెలలకొకపరి పొడవు కొలిచి వ్రాసియుంచినచో, ఎదుగుదల వడిగనున్న నెలలలో విసరుట తగ్గించి, ఎదుగుదల నిలిచిన పిదప బలసాధన పెంచవచ్చును. పదునారేండ్ల పిదప నొక్క స్థానము నెన్నుకొని ఆరితేరవలయును. దానిని గూర్చి హైస్కూలు శిక్షకులే చూచుకొందురు. మేము చెప్పవలసినది తక్కువ.

ఆలస్యముగ నెదుగువారి విషయము మన సంఘమునకు మరియు దగ్గరిది. ఏలయన మన పిల్లలలో పలువురు ఈడువారికంటె పొట్టిగ నుండుట తల్లులు చెప్పు ఫిర్యాదు. ఈ దేశమున చాలకాలము బాలుర వయస్సును జూలై 31తో లెక్కించెడివారు. ఆగస్టులో పుట్టినవాడు తన జట్టున పెద్దవాడగును. జూలైలో పుట్టినవాడు చిన్నవాడగును. మేజర్ లీగులో ఆడిన అమెరికా యువకులలో జూలైలో పుట్టినవారికంటె ఆగస్టులో పుట్టినవారు చాల నెక్కువమంది యుండిరి. నెల మారినంతనే ప్రతిభ మారునా? పెద్దవానికి చిన్ననాడే చోటు దొరికెను. చిన్నవాని నెవ్వరు చూడలేదు. వెనిజువెలాలోని మరకాయి పట్టణమున పదునారేండ్ల హోసే ఆల్టూవేను పొట్టివాడని తొలినాడు పంపివేసిరి. అతడు మరునాడు మరల వచ్చెను. 2007లో 15,000 డాలర్లకు హ్యూస్టన్ ఆస్ట్రోస్ గైకొనిరి. అయిదడుగుల ఆరంగుళముల ఆ మనుష్యుడు 2017లో అమెరికన్ లీగున సర్వోత్తముడుగ నెన్నబడెను. మైక్ పియాజాను 1988లో 62వ విడతయందు, 1,390వ యాటగానిగ నెన్నిరి. 2016లో ఖ్యాతిశాల యెక్కెను. ఇట్టివారు అరుదు, నిజమే. మరునాడు మరల పోవు మొండితనము లేక ఇంటివద్ద నిలిచిపోయినవారి పేర్లు ఏ పుస్తకమునను లేవు గావున, ఎంత యరుదో ఎవరును చెప్పజాలరు.

కళాశాల వేతనము వచ్చునను నాశతో ధనము కుమ్మరించు తండ్రుల కొక మాట. 2025 వరకు మొదటి తరగతి విశ్వవిద్యాలయ జట్టున కంతటికి 11.7 వేతనములే ఉండెను; వానినే ఇరువది ముప్పదిమందికి పంచెడివారు. ఆ సంవత్సరము న్యాయస్థానపు ఒడంబడికచే ఆ హద్దు పోయి, దాని నంగీకరించిన విద్యాలయములలో జట్టునకు 34 మంది యను హద్దు వచ్చినది. వేతనములు పెరుగవచ్చును గాని చోట్లు పెరుగవు. మేజర్ లీగువారి యెన్నిక 40 విడతలనుండి, 2021 మొదలు 20 విడతలకు తగ్గినది. ఎంసెట్ ర్యాంకుల నీడన పెరిగిన మన తండ్రులకు పరుగుల పట్టిక కనబడగానే ర్యాంకుల పట్టికవలె తోచుట సహజము. ఆ పరీక్షను పదునేడేండ్లనాడు వ్రాసితిరి గాని పదేండ్లనాడు వ్రాయలేదని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము.

గెలువని జట్టు నిలువదని ఆక్షేపణ కలదు. అందు కొంత సత్యమున్నది. పిల్లలకు గెలుపు రుచి. ఎల్లప్పుడు ఓడు జట్టున ఎవడును ఉండడు. అందుచేత మా శక్తికి మించిన పోటీలకు పోకుండ, సగము గెలిచి సగము ఓడు స్థాయిని చూచి చేరుచున్నాము. ప్రయాణమును తగ్గించి, రెండు గంటలలో చేరదగిన ఊళ్ళకే పోవుచున్నాము. మరియొక యాక్షేపణ: శిక్షకుని కొడుకే ఎప్పుడును షార్ట్‌స్టాపు. ఇది ఈ దేశమంతట నున్న తెగులు. మన యింటివారికి బొత్తుగ లేదని చెప్పజాలము. స్థానముల పట్టికను నెల మొదటనే వ్రాసి తండ్రులందరకు పంపుటయే దానికి మేము కనుగొన్న మందు.

ఇప్పుడు పోషకులకు మా విన్నపము. గత సంవత్సరము తమరు దయచేసిన ద్రవ్యములో నధికభాగము పతకములకును, రెండు రకముల దుస్తులకును వ్యయమైనది. ఈ సంవత్సరము ఒక్క రకము దుస్తులు చాలును. మిగిలిన దానితో ఏమి చేయదలచితిమో వినుడు. శీతకాలమున వారమునకు రెండు సాయంకాలములు వలకట్టిన సాధనశాలను అద్దెకు గైకొనుట. తండ్రులలో నెవ్వరికిని బంధువు కాని యొక శిక్షకుని జీతమునకు నియమించుట. జట్టంతటికి ఉమ్మడిగ రెండు క్యాచరు చట్టలు కొనుట, ఏలయన ఆ చట్ట ధర చూచియే కొందరు పిల్లలు ఆ స్థానము నడుగరు. ఉద్యోగము పోయిన యింటి పిల్లవాని రుసుమును ఎవరికిని తెలియకుండ చెల్లించుట. ఈ యేడు పరీక్షలో నెగ్గని పిల్లలతో రెండవ జట్టొకటి నిలిపి, వారికిని అదే శిక్షకుని, అవే గంటల నిచ్చుట. అన్నిటిలోను ఈ కడపటిదియే మాకు ముఖ్యము. గత ఆగస్టులో ఐదుగురు పిల్లలను పంపివేయవలసివచ్చునని మా సమితిలో చర్చ జరిగినది. రెండవ జట్టునకు ద్రవ్యము దొరకినచో ఆ ఐదుగురును ఉందురు. వారితోపాటు సాఫ్ట్‌బాల్ కోరుచున్న మన యాడపిల్లలకును అదే సాధనశాలలో ఒక గంట దొరకును.

బంతుల లెక్క వ్రాయు పుస్తకమును ఈ మహాసభ వసారాలో, భోజనశాలకు పోవు త్రోవన, బల్లపై నుంచితిమి. ప్రతి పిల్లవాని పేర ఒక పుట. ఏ దినమున ఎన్ని బంతులు, ఎన్ని దినముల విశ్రాంతి, మూడు నెలలకొకపరి పొడవు. పెద్దలు పుటలు త్రిప్పి చూడవచ్చును. ప్రక్కనే చందాల పట్టికయు, ఆదివారపుటాటలలో బంతులు లెక్కింపగల స్వచ్ఛందసేవకుల పట్టికయు ఉన్నవి. రెండవ పట్టికలో ఇంతవరకు నాలుగు పేర్లే కలవు. తొమ్మిది కావలయును. తాతలైనను, అమ్మమ్మలైనను సరే. క్రీడ యెరుగకపోయినను లెక్క తెలిసిన చాలును.